డబ్బా మీది అంకెలు ఏమంటున్నాయి? బెంగళూరు కారుకు ఇంజిన్ ఆయిల్ ఎంపిక

జేసీ రోడ్డులో స్పేర్ పార్టుల దుకాణం ముందు నిలబడి "ఇంజిన్ ఆయిల్ ఇవ్వండి" అంటే కౌంటరు వెనక మనిషి డబ్బా తీయడు. "ఏ గ్రేడు?" అని అడుగుతాడు. చాలామందిమి అక్కడే తడబడతాం. కారు పేరు చెబుతాం, మోడల్ సంవత్సరం చెబుతాం, చివరికి "మంచిది ఏదైనా ఇవ్వండి" అంటాం. మంచిది అంటే ఆయన దృష్టిలో ఖరీదైనది.

నా సంగతీ ఇలాగే మొదలైంది. మారతహళ్లిలో మా వీధి మెకానిక్‌ది మదనపల్లె. చేతిపనిలో దిట్ట. ఒక ఏప్రిల్‌లో నా చిన్న పెట్రోల్ కారుకు ఆయిల్ మారుస్తూ, "ఎండలు మండిపోతున్నాయి సార్, పల్చటి నూనె నిలవదు, 20డబ్ల్యూ-50 పోస్తాను" అన్నాడు. చిక్కటి నూనె ఇంజిన్‌కు బలం అన్న మాట చిన్నప్పటి నుంచి వింటున్నదే, తల ఊపాను. ఆ నూనె ఉన్నన్నాళ్లూ ఉదయం స్టార్ట్ చేయగానే కొన్ని సెకన్ల పాటు టకటకమని చప్పుడు. మైలేజీ లీటరుకు ఒక కిలోమీటరు పైగా పడిపోయింది. అప్పుడు గ్లవ్ బాక్సులో అట్ట కూడా నలగకుండా పడి ఉన్న మాన్యువల్ తీశాను. అందులో ఉన్నది 5డబ్ల్యూ-30. ఆ తర్వాత చదివిందీ, అడిగి తెలుసుకున్నదీ, చేతులు కాల్చుకుని నేర్చుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఏది చూడాలి

నాలుగు సంగతులు చూడాలి, అదీ ఇదే వరుసలో. మొదటిది మాన్యువల్లో రాసిన గ్రేడు. రెండోది ఆ నూనె ఏ ప్రమాణ పరీక్షలో నెగ్గిందో చెప్పే అక్షరాలు. మూడోది మీరు కారు నడిపే తీరు. చివరిది ఖనిజ నూనెనా సింథటిక్‌నా అన్నది, దానితోపాటు ధర. దుకాణంలో బేరం మాత్రం ఎప్పుడూ చివరిదానితోనే మొదలవుతుంది. "ఫుల్ సింథటిక్ సార్" అనగానే మిగతా మూడూ మరిచిపోతాం.

డబ్ల్యూ ముందున్న అంకె

5డబ్ల్యూ-30 అంటే 5 డిగ్రీల నుంచి 30 డిగ్రీల వరకు పనిచేసే నూనె అని ఒక పెద్దాయన నాకు నమ్మకంగా చెప్పారు. కాదు. రెండు అంకెల్లో ఏదీ ఉష్ణోగ్రత కాదు. అవి అమెరికాలోని ఎస్‌ఏఈ సంస్థ పెట్టిన వర్గాల పేర్లు. డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. దాని ముందున్న అంకె ఎంత చిన్నదైతే చలిలో నూనె అంత తేలిగ్గా కదులుతుంది.

డిసెంబరు ఉదయాన బెంగళూరులో కొబ్బరినూనె సీసా చూసిన వాళ్లకు చలిలో నూనె ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. స్నానాల గదిలో సీసా బోర్లించినా చుక్క పడదు. నువ్వుల నూనె మాత్రం అదే చలిలో హాయిగా జారుతుంది. ఇంజిన్ ఆయిల్ కొబ్బరినూనెలా గడ్డకట్టదు కానీ, చిక్కబడుతుంది. ఎంత చలిలో ఇంజిన్ తిరగగలిగేంత పల్చగా ఉంటుందన్నదే ఈ మొదటి అంకె కొలిచేది.

ఆ పరీక్ష జరిగే చలి మన ఊహకు అందదు. 0డబ్ల్యూ నూనెను మైనస్ 35 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూని మైనస్ 30, 10డబ్ల్యూని మైనస్ 25, 15డబ్ల్యూని మైనస్ 20, 20డబ్ల్యూని మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు. బెంగళూరులో ఇప్పటి వరకు నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. కాబట్టి ఇంజిన్ తిరగకపోవడమనే భయం ఇక్కడ ఏ గ్రేడుకూ లేదు.

అలాగని మొదటి అంకెకు విలువ లేదనుకోవద్దు. రాత్రంతా నిలిచిన కారులో నూనె అడుగునున్న తొట్టిలోకి దిగిపోతుంది. స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో అది పైనున్న కామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే కడ్డీ) దాకా ఎంత త్వరగా చేరితే అరుగుదల అంత తక్కువ. 18 డిగ్రీల ఉదయాన కూడా 5డబ్ల్యూ కంటే 20డబ్ల్యూ నూనె ఆలస్యంగానే చేరుతుంది. నేను విన్న టకటక చప్పుడు అదే. అయితే 0డబ్ల్యూకూ 5డబ్ల్యూకూ ఉన్న తేడా మన వాతావరణంలో చాలా స్వల్పం. ఆ తేడా కోసమే ఎక్కువ డబ్బు పెట్టవద్దు.

గీత తర్వాతి అంకె

అసలు నిర్ణయం ఇక్కడ ఉంది. ఇంజిన్ వేడెక్కాక నూనె ఎంత చిక్కగా ఉంటుందో రెండో అంకె చెబుతుంది. దీన్ని 100 డిగ్రీల దగ్గర కొలుస్తారు. 150 డిగ్రీల దగ్గర, బేరింగుల మధ్య నలిగేటప్పుడు నూనె పొర ఎంత నిలుస్తుందో కూడా విడిగా చూస్తారు.

| గ్రేడు | 100 డిగ్రీల దగ్గర చిక్కదనం (సెంటీస్టోక్సులు) | 150 డిగ్రీల దగ్గర ఉండాల్సిన కనీస చిక్కదనం (మిల్లీపాస్కల్ సెకన్లు) |
|---|---|---|
| 16 | 6.1 నుంచి 8.2 లోపు | 2.3 |
| 20 | 6.9 నుంచి 9.3 లోపు | 2.6 |
| 30 | 9.3 నుంచి 12.5 లోపు | 2.9 |
| 40 | 12.5 నుంచి 16.3 లోపు | 3.5 (15డబ్ల్యూ, 20డబ్ల్యూ రకాలకు 3.7) |
| 50 | 16.3 నుంచి 21.9 లోపు | 3.7 |

"ఎండాకాలంలో చిక్కటి నూనె" అన్న సలహా తేలిపోయేది ఈ చోటే. బయట బెంగళూరు 28 డిగ్రీలు ఉన్నా, అనంతపురం 42 ఉన్నా ఇంజిన్‌లోని నీళ్లను థర్మోస్టాట్ 90 డిగ్రీల చుట్టుపక్కలే నిలుపుతుంది. నూనె వేడి కూడా ప్రధానంగా దాన్నీ, ఇంజిన్ మీది భారాన్నీ అనుసరిస్తుంది. మండుటెండలో పూర్తి లోడుతో ఘాట్ రోడ్డు ఎక్కితే నూనె వేడి పెరిగే మాట నిజమే. కానీ ఆ సంగతి కారు తయారుచేసిన వాళ్లకూ తెలుసు. చెన్నైలో 2003 మే చివర 45 డిగ్రీలు నమోదైంది. అలాంటి ఊళ్లలోనూ తిరగాల్సిన కారు కోసమే ఇక్కడి మాన్యువల్ రాస్తారు.

పాత మెకానిక్‌ల మాటలో ఒకప్పుడు నిజం ఉంది. ఇంజిన్ భాగాల మధ్య ఖాళీలు ఎక్కువగా ఉన్న రోజుల్లో చిక్కటి నూనె కావలసి వచ్చేది. ఇప్పటి ఇంజిన్లలో ఆ ఖాళీలు సన్నం. వాల్వులు తెరిచే సమయాన్ని మార్చే యంత్రాంగం చాలా కార్లలో నూనె ఒత్తిడితోనే, సన్నటి దారుల గుండా పనిచేస్తుంది. అక్కడ ఆముదంలాంటి నూనె పోస్తే స్పందన మందగిస్తుంది. (ఆముదం అన్నది ఊరికే వాడిన పోలిక కాదు. ఒకప్పుడు రేసు కార్లలో, విమానాల్లో నిజంగా ఆముదమే పోసేవారు. క్యాస్ట్రాల్ పేరు ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న క్యాస్టర్ నుంచే పుట్టింది.)

ఎస్‌ఎన్, ఎస్‌పీ, సీకే-4: ఈ అక్షరాలు దేనికి

గ్రేడు చిక్కదనాన్ని మాత్రమే చెబుతుంది. నూనె నాణ్యతను చెప్పేవి అక్షరాలు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అంటే ఏపీఐ ఇచ్చే ఈ గుర్తుల్లో ఎస్‌తో మొదలయ్యేవి పెట్రోల్ ఇంజిన్లకు, సీతో మొదలయ్యేవి (సీకే-4 లాంటివి) డీజిల్ ఇంజిన్లకు. రెండో అక్షరం వర్ణమాలలో ఎంత ముందుకు వెళితే ప్రమాణం అంత కొత్తది. ఎస్‌ఎల్ 2001 నాటిది, ఎస్‌ఎన్ 2010, ఎస్‌పీ 2020, ఎస్‌క్యూ 2025. మధ్యలో ఎస్‌ఐ, ఎస్‌కే, ఎస్‌ఓ కనిపించలేదని వెతకవద్దు, ఆ పేర్లను వాడకుండా వదిలేశారు.

పెట్రోల్ కార్లకు కొత్త అక్షరం పాతదాని స్థానంలో పనికొస్తుంది. మాన్యువల్లో ఎస్‌ఎన్ అని ఉంటే ఎస్‌పీ నిశ్చింతగా పోయవచ్చు. ఎస్‌పీ అని ఉన్నచోట ఎస్‌ఎన్ పోయకూడదు. ముఖ్యంగా మీది చిన్న టర్బో పెట్రోల్ అయితే ఈ తేడా మాటవరసకు కాదు. నేరుగా సిలిండర్‌లోకి పెట్రోల్ చిమ్మే టర్బో ఇంజిన్లలో, తక్కువ వేగంలో ఒక్కసారిగా యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఇంధనం వేళ కాని వేళ అంటుకునే సమస్య ఉంది. పిస్టన్ పగిలేంత దెబ్బ అది. నూనెలోని కాల్షియం ఆధారిత శుద్ధి పదార్థాలు ఆ సమస్యను పెంచుతాయని తేలింది. దాన్ని అదుపు చేసే పరీక్ష ఎస్‌పీలో ఉంది, టైమింగ్ చైన్ అరుగుదలకు పరీక్ష కూడా ఉంది. హెబ్బాళ ఫ్లైఓవర్ మీద మూడో గేరులో పాకుతూ, సందు దొరకగానే నొక్కేవాళ్లం కదా మనం? ఆ పరీక్ష మన కోసం పెట్టినట్టే ఉంటుంది.

డబ్బా మీద "ఎస్‌ఎన్/సీఎఫ్" అని చూసి పెట్రోల్‌కూ డీజిల్‌కూ సరిపోతుందని సంబరపడవద్దు. సీఎఫ్ 1994 నాటి ప్రమాణం, ఎప్పుడో కాలం చెల్లింది.

డీజిల్ కారు ఉన్నవాళ్లు ఇక్కడ ఆగండి

2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్6 కాలుష్య ప్రమాణం వచ్చాక డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ చేరింది. దాన్నే డీపీఎఫ్ అంటారు. అందులో చేరిన మసిని కారే అప్పుడప్పుడు దాదాపు 600 డిగ్రీల వేడితో కాల్చేస్తుంది. మసి కాలిపోతుంది కానీ, నూనెలోని లోహ లవణాల నుంచి వచ్చే బూడిద కాలదు. అది ఫిల్టర్‌లో అలాగే పేరుకుపోతుంది. అందుకే ఈ కార్లకు తక్కువ బూడిద నూనె కావాలి. యూరప్ కార్ల తయారీదారుల సంఘం ఏసీఈఏ పెట్టిన గుర్తుల్లో సీ2, సీ3 అలాంటివి. వాటిలో బూడిద 0.8 శాతం మించకూడదు. ఏ3/బీ4 గుర్తున్న నూనెలో అది 1.6 శాతం వరకూ ఉండవచ్చు. రెండు డబ్బాల మీదా 5డబ్ల్యూ-40 అనే ఉంటుంది, రెండూ ఫుల్ సింథటిక్కే. తప్పుది పోస్తే వెంటనే ఏమీ తెలియదు, కొన్నేళ్లకు ఫిల్టర్ మార్చమంటారు. ఆ ఖర్చు ముందు ఆయిల్ ధరలో తేడా లెక్కలోకే రాదు.

ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, మెర్సిడెస్ లాంటి కంపెనీలు సొంత సంఖ్యలు కూడా పెట్టుకున్నాయి: ఫోక్స్‌వ్యాగన్ 502 00, 507 00, మెర్సిడెస్ 229.51, ఇలా. మాన్యువల్లో ఆ సంఖ్య ఉంటే డబ్బా వెనక సరిగ్గా అదే సంఖ్య వెతకండి. ఏపీఐ అక్షరం ఎంత కొత్తదైనా దానికి బదులు కాదు.

ఇక ఎంపికలు ఒక్కొక్కటిగా

*0డబ్ల్యూ-20, 0డబ్ల్యూ-16.* కొత్త పెట్రోల్ కార్లు, హైబ్రిడ్లలో చాలావాటికి కంపెనీ చెప్పేది ఇదే. ఇంత పల్చటి నూనెనా అని మనసు ఒప్పదు, నాకూ మొదట ఒప్పలేదు. కానీ పంపు, బేరింగులు, రింగులు అన్నీ ఆ నూనెను దృష్టిలో పెట్టుకునే చేసినవి. లోపలి రాపిడి తగ్గి ఇంధనం ఆదా అవుతుంది. హైబ్రిడ్‌లో ఇంజిన్ పదేపదే ఆగి మొదలవుతుంది కనుక త్వరగా పైకి చేరే నూనె అక్కడ మరీ అవసరం. లోటు ఒకటే: మాన్యువల్లో లేని కారులో దీన్ని పోస్తే నూనె పొర సరిపోదు. మైలేజీ ఆశతో పాత కారులో 0డబ్ల్యూ-20 పోసే ప్రయోగం వద్దు.

*5డబ్ల్యూ-30.* దొరకని దుకాణం లేదు. గత పదిహేనేళ్ల పెట్రోల్ కార్లలో చాలావాటికి ఇదే. మాన్యువల్ 0డబ్ల్యూ-20తో పాటు దీన్నీ అనుమతిస్తే, వారం వారం తిరుపతికో కర్నూలుకో పూర్తి లోడుతో హైవే పరుగు ఉన్నవాళ్లకు నేను దీన్నే చెబుతాను. ఊళ్లో ఆఫీసుకు తిరిగేవాళ్లకు 0డబ్ల్యూ-20 చాలు.

*5డబ్ల్యూ-40.* టర్బో డీజిళ్లు, కొన్ని యూరప్ తరహా పెట్రోళ్లు. వేడి మీద పొర గట్టిగా నిలుస్తుంది, దానికి బదులుగా మైలేజీ కాస్త తగ్గుతుంది. లక్షన్నర కిలోమీటర్లు దాటి నూనె తాగుతున్న కారుకు, మాన్యువల్లోని పట్టికలో ఉంటే 30 నుంచి 40కి మారవచ్చు. దానికంటే ముందు లీకులు, పీసీవీ వాల్వు (ఇంజిన్ అడుగున చేరే ఆవిరిని బయటికి లాగే చిన్న వాల్వు) చూపించండి. రెండు వేల లోపు రిపేరుతో పోయే జబ్బుకు జీవితాంతం చిక్కటి నూనె మందుగా వాడేవాళ్లను చూశాను.

*15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50.* పాతకాలపు డీజిల్ జీపులు, ఊళ్లో తాతగారి అంబాసిడర్‌లాంటి వాటికి ఇవి సరే. మాన్యువల్ అడగని కొత్త పెట్రోల్ కారులో వీటికి చోటు లేదు. నా అనుభవం పైన చెప్పాను.

ఖనిజమా, సింథటిక్‌నా

"ఫుల్ సింథటిక్" అన్న మాటకు ప్రపంచమంతటా ఒకే నిర్వచనం లేదు. ముడి చమురునే బాగా శుద్ధిచేసి అణువుల అమరిక మార్చిన నూనెను చాలా దేశాల్లో సింథటిక్ పేరుతోనే అమ్ముతారు. అమెరికాలో 1999లో దీని మీద రెండు పెద్ద కంపెనీల మధ్య వివాదం నడిచి, అలా అమ్మవచ్చని ప్రకటనల పరిశీలన సంస్థ తేల్చింది. కాబట్టి ఆ మాట చూసి మురిసిపోకుండా అక్షరాలు చూడండి. 0డబ్ల్యూ నూనె ఎలాగూ సింథటిక్ తోనే తయారవుతుంది, ఎంపిక లేదు. 5డబ్ల్యూ-30లో సెమీ సింథటిక్, అంటే ఖనిజ నూనె, సింథటిక్ కలిపినది, దొరుకుతుంది. మాన్యువల్ అడిగిన ప్రమాణం దానికి ఉంటే, టర్బో లేని కారుకు, సమయానికి మార్చేవాళ్లకు అది చాలు. చిన్న పెట్రోల్ కారుకు పట్టేది మూడు, మూడున్నర లీటర్లే కనుక మిగిలే డబ్బు కూడా పెద్దది కాదు. టర్బోకు మాత్రం సింథటిక్కే. టర్బో బేరింగుల వేడికి నాసి నూనె మాడి గట్టిపడుతుంది.

| మీ పరిస్థితి | నేనైతే |
|---|---|
| కొత్త చిన్న పెట్రోల్ కారు, ఊళ్లో తిరుగుడు | మాన్యువల్ గ్రేడు (తరచుగా 0డబ్ల్యూ-20), ఎస్‌పీ |
| టర్బో పెట్రోల్ | మాన్యువల్ గ్రేడు, ఎస్‌పీ లేదా ఎస్‌క్యూ తప్పనిసరి, సింథటిక్ |
| బీఎస్6 డీజిల్ | కంపెనీ చెప్పిన తక్కువ బూడిద నూనె (సీ2, సీ3 వంటివి) |
| పదేళ్లు దాటిన టర్బో లేని పెట్రోల్ | 5డబ్ల్యూ-30 సెమీ సింథటిక్, సమయానికి మార్పు |
| సెకండ్ హ్యాండ్ కొన్న కారు, చరిత్ర తెలియదు | ముందు నూనె, ఫిల్టర్ రెండూ మార్చేయడం |

కిలోమీటర్లు కాదు, గంటలు

చాలా మాన్యువళ్లు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అంటాయి. సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో ఆ లెక్క తప్పుతుంది. గంటకు 60 కిలోమీటర్ల సగటుతో 10,000 కిలోమీటర్లు అంటే ఇంజిన్ 167 గంటలు తిరిగినట్టు. 20 సగటుతో అదే దూరానికి 500 గంటలు. ఓడోమీటర్ నిలబడి ఉన్నా నూనె పనిచేస్తూనే ఉంటుంది.

దగ్గరి ప్రయాణాలు ఇంకా చెడ్డవి. పిల్లల్ని బడిలో దింపి వచ్చే రెండు కిలోమీటర్లలో నూనె పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ, కాలని పెట్రోల్ ఆవిరై పోయే అవకాశం ఉండదు. డీజిల్ కారులో మసి కాల్చే పని మధ్యలో ఆగిపోతే డీజిల్ నూనెలోకి దిగి డిప్‌స్టిక్ మీద మట్టం పై గీత దాటుతుంది. నూనె పెరిగిందని సంతోషించాల్సిన విషయం కాదది. మాన్యువల్ చివర్లో "తీవ్ర పరిస్థితులు" అనే పేజీ ఒకటి ఉంటుంది. ట్రాఫిక్, దుమ్ము, దగ్గరి ప్రయాణాలు అన్నీ అందులోకే వస్తాయి, అంటే మన ఊరంతా ఆ పేజీలోనే ఉంది. నేను ఏడు వేల కిలోమీటర్లకు మారుస్తాను. ఖరీదైన నూనె పోసి పదిహేను వేల దాకా లాగడం కంటే, సరైన మామూలు నూనెను త్వరగా మార్చడమే నాకు నచ్చిన బేరం.

నల్లబడిందని మార్చవలసిన పని లేదు. డీజిల్‌లో కొత్త నూనె కొన్ని రోజులకే నల్లబడుతుంది, మసిని తనలో కలుపుకోవడం దాని పనే. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే మాత్రం నీళ్లు చేరాయని అర్థం, కారు కదిలించకుండా మెకానిక్‌ను పిలవండి.

కొనేటప్పుడు

గ్రేడు, అక్షరం, కంపెనీ సంఖ్య, ఈ మూడూ మాన్యువల్ నుంచి ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. డబ్బా వెనక ఏపీఐ గుండ్రటి గుర్తులో పైన అక్షరాలు, మధ్యలో గ్రేడు ఉంటాయి. సీలు, తయారీ తేదీ చూడండి. విడి నూనె కొనవద్దు. ఇంట్లో బైకు ఉంటే మిగిలిన కారు నూనె అందులో పోయకండి. బైకు క్లచ్ అదే నూనెలో మునిగి ఉంటుంది, రాపిడి తగ్గించే పదార్థాలు కలిపిన కారు నూనెతో అది జారుతుంది. బైకుకు జాసో ఎంఏ (జపాన్ ప్రమాణం) గుర్తున్నదే కావాలి.

దారిలో నూనె తగ్గి సరైన గ్రేడు దొరకకపోతే, దొరికినదానితో అర లీటరు కలుపుకుని ఇల్లు చేరవచ్చు. నూనె లేకుండా నడపడం కంటే అది ఎంతో నయం.

ఈసారి ఆయిల్ నేనే కొని మదనపల్లె మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. డబ్బా తిప్పి చూసి, "ఇంత పల్చటిదా సార్?" అన్నాడు. మాన్యువల్ పేజీ చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని మెల్లగా చదివాడు. నూనె పోశాక ఖాళీ డబ్బా మూతకు స్క్రూడ్రైవర్‌తో రంధ్రం చేసి పక్కన పడేశాడు. ఎందుకని అడిగితే, "ఇలాంటి డబ్బాలు కొనుక్కుపోయి మళ్లీ నింపేవాళ్లు ఉన్నారు సార్" అన్నాడు. ఆ ఒక్కటీ ఏ మాన్యువల్లోనూ లేదు.